భీమిలి: రేవు పట్నం శివారు పట్టణమైన చరిత్ర

గోస్తనీ నది బంగాళాఖాతంలో కలిసే చోట, కొండకూ కడలికీ నడుమ భీమునిపట్నం ఉంది. వాడుకలో అందరూ భీమిలి అంటారు. విశాఖపట్నం నుంచి తీరం వెంబడి ఈశాన్యంగా సుమారు 25 కిలోమీటర్లు. ఇప్పుడది మహా విశాఖ నగరపాలక సంస్థలో ఒక భాగం. పొద్దున్నే బస్సెక్కి విశాఖలో పనిచేసి, రాత్రికి ఇల్లు చేరే జనం ఎందరో ఉన్న శివారు పట్టణం. అయితే ఇది శివారుగా పుట్టిన ఊరు కాదు. విశాఖకు హార్బరు రాకముందు ఆ ఊరితో పోటీపడిన రేవు. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన పట్టణం. పెద్ద నగరం పక్కన చిన్న పట్టణంగా బతకడంలో ఏం దక్కుతుందో, ఏం చేజారుతుందో తెలుసుకోవడానికి ఉత్తరాంధ్రలో ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

కొండ మీది బౌద్ధం, తీరాన వలందులు

ఊరికి ఆనుకుని ఉన్న పావురాళ్లకొండ మీద బౌద్ధ ఆరామ శిథిలాలు ఉన్నాయి. భిక్షువులు వాననీరు నిలవ చేసుకోవడానికి రాతిని తొలిచి కట్టుకున్న తొట్లు ఇప్పటికీ కనిపిస్తాయి. ఇదే తీరంలో విశాఖ వైపు వెళితే తొట్లకొండ, బావికొండ ఆరామాలు వస్తాయి. సముద్ర వర్తకం జరిగే తీరాల్లో, వర్తకుల దానాల మీద ఆధారపడి ఆరామాలు వెలిసిన కాలానికి ఇవి గుర్తులు. భీమిలి కొండ వాలు మీద తరువాతి కాలపు నరసింహస్వామి ఆలయం ఉంది.

పట్టణం చరిత్ర స్పష్టంగా మొదలయ్యేది 17వ శతాబ్దంలో, డచ్చివారి రాకతో. తెలుగువారు వారిని వలందులు అన్నారు. 1605లో మచిలీపట్నంలో దిగిన డచ్చి ఈస్టిండియా కంపెనీ ఆ తరువాత తీరం పొడవునా గిడ్డంగులు తెరిచింది. వాటిలో భీమిలి ఒకటి. చుట్టుపక్కల ఊళ్ల నేతగాళ్లు నేసిన బట్టలను కొని ఓడలకెక్కించడం ఇక్కడి ప్రధాన వ్యాపారం. ఆనాటి వలందుల సమాధులు ఊళ్లో నేటికీ ఉన్నాయి. తీరపు గాలికి గార ఊడి, ఇటుకలు బయటపడిన ఎత్తైన కట్టడాలవి. కొన్నిటి మీది రాతి ఫలకాలపై చెక్కిన డచ్చి అక్షరాలు ఇంకా చదవడానికి వీలుగా ఉన్నాయి.

రేవుకు సంపద వచ్చినంత తేలిగ్గా ముప్పూ వచ్చింది. ఉత్తర సర్కారులు ఫ్రెంచివారి చేతికి వెళ్లడం ఇష్టంలేని శ్రీకాకుళం ఫౌజుదారు జాఫర్ అలీ నాగపురం మరాఠాలను పిలిపించాడు. 1754లో వారు ఈ ప్రాంతం మీద పడి భీమిలిలోని డచ్చి గిడ్డంగిని దోచుకున్నారు. తరువాత యూరపులో జరిగిన యుద్ధాలను బట్టి ఊరు డచ్చివారి చేతి నుంచి ఇంగ్లీషువారి చేతికీ, మళ్లీ డచ్చివారి చేతికీ మారింది. 1824లో ఇంగ్లండు, హాలండు చేసుకున్న ఒప్పందం ప్రకారం 1825లో ఇంగ్లీషు కంపెనీకి శాశ్వతంగా దఖలుపడింది. ఊరి తలరాత ఎక్కడో జరిగే ఒప్పందాల్లో తేలడం భీమిలికి అప్పుడే మొదలైంది.

ఓడల కాలం

19వ శతాబ్దం నడిమికి భీమిలి మళ్లీ పుంజుకుంది. దానికి కారణం విజయనగరం. ఉత్తరాన సంపన్న సంస్థానం, సైనిక కంటోన్మెంటు ఉన్న ఆ పట్టణానికి అందుబాటులో ఉన్న రేవు భీమిలి. దూరం సుమారు 25 కిలోమీటర్లే. మైదానంలో పండిన నువ్వులు, గోగునార, బెల్లం, తూర్పు కనుమల నుంచి దిగే కరక్కాయలు, తోళ్లు బళ్ల మీద ఇక్కడికి చేరేవి. ఆవిరి ఓడలు వచ్చాక బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ తన తీర ప్రయాణంలో ఈ రేవును ఒక మజిలీ చేసుకుంది. సరుకుతో పాటు మనుషులూ ఓడలెక్కారు. కరువు కాలాల్లో ఉత్తరాంధ్ర కూలీలు రంగం, అంటే రంగూన్, వెళ్లిన దారుల్లో కళింగపట్నం, విశాఖ, కాకినాడలతో పాటు భీమిలి కూడా ఉంది.

ఇక్కడ ఓడ ఒడ్డుకు వచ్చేది కాదు. కెరటాలకు దూరంగా, లోతు ఉన్నచోట లంగరు వేసేది. సరుకును ఓడ దాకా చేర్చే పని మసులా పడవలది. ఆ పడవ పలకలకు ఇనుప మేకులు కొట్టరు. పలకకు పలకను కొబ్బరిపీచు తాళ్లతో కుట్టి, కుట్టు వెంబడి గడ్డి దట్టిస్తారు. విరుచుకుపడే అల తాకినప్పుడు మేకులు కొట్టిన పడవ పగిలిపోతుంది, కుట్టిన పడవ కొద్దిగా వంగి తట్టుకుంటుంది. కూలీలు మూటలు నెత్తిన పెట్టుకుని మోకాలి లోతు నీళ్లలో నడిచి పడవకెత్తేవారు. తెడ్లు పట్టిన పల్లెకారులు అల లేచే అదను చూసి పడవను దాటించేవారు. గాలివాన రోజుల్లో ఓడ రోజుల తరబడి వేచి ఉండాల్సివచ్చేది, లేదా సరుకు దింపకుండానే వెళ్లిపోయేది. ఈ పద్ధతిలో ఎందరికో పని దొరికింది. కాని పెద్ద ఓడలు, ఎక్కువ సరుకు వచ్చే కాలానికి ఇది సరిపోదన్నదీ అందులోనే ఉంది.

ఈ కాలంలోనే ఊరికి పట్టణపు హంగులు అమరాయి. 1861లో పురపాలక సంఘం ఏర్పడింది. దేశంలోని అతి పాత పురపాలక సంఘాలలో ఇదొకటి. లైట్‌హౌస్, గడియార స్తంభం, సెయింట్ పీటర్స్ చర్చి, వర్తకుల బంగళాలు తీరాన లేచాయి. శతాబ్దం చివరి భాగంలో కెనడా బాప్టిస్టు మిషన్ ఇక్కడ తన కేంద్రాన్ని నెలకొల్పింది. వీధి దీపాలు, మురుగు కాలువలు, సంత వసూళ్ల వంటి విషయాలు ఊరివాళ్లే కూర్చుని తేల్చుకునే ఏర్పాటు ఆనాటి నుంచి 150 ఏళ్లకు పైగా సాగింది.

రైలు తప్పిపోయింది, హార్బరు పక్కూరికి వెళ్లింది

1890లలో మద్రాసు, కలకత్తాలను కలుపుతూ తూర్పు తీర రైలుమార్గం వేశారు. ఆ దారి వాల్తేరు నుంచి తీరం విడిచి లోపలికి తిరిగి, కొత్తవలస మీదుగా విజయనగరం చేరింది. భీమిలి దానికి దూరంగా ఉండిపోయింది. విజయనగరం సరుకు భీమిలికి బండి కట్టవలసిన అవసరం తగ్గింది. రైలు ఎక్కిస్తే ఏ ఊరికైనా చేరుతుంది. భీమిలికి నేటికీ రైల్వే స్టేషను లేదు.

రెండో దెబ్బ హార్బరు. విశాఖలో డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున, అలల తాకిడి లేని లోపలి రేవు తవ్వడానికి వీలుంది. భీమిలి తీరానికి అలాంటి చాటు లేదు. మధ్య పరగణాల మాంగనీసును సముద్రానికి దగ్గర దారిన చేర్చేందుకు రాయపూర్-విజయనగరం రైలుమార్గాన్ని 1931లో పూర్తిచేశారు. 1933లో విశాఖ హార్బరు మొదలైంది. ఓడ గట్టుకే వచ్చి ఆగే రేవు సిద్ధమయ్యాక మసులా పడవలకు పని లేకపోయింది. తరువాతి దశాబ్దాల్లో విశాఖకు నౌకా నిర్మాణ కేంద్రం, చమురు శుద్ధి కర్మాగారం, నౌకాదళం, ఉక్కు కర్మాగారం ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. భీమిలి పేరు చిన్న రేవుల జాబితాలో మిగిలింది గాని ఓడలు రాలేదు. చేపల వేట ఒక్కటే సముద్రం మీద మిగిలిన జీవనం.

గోగునార, చిట్టివలస మిల్లు

రేవు పోయినా ఊరికి ఇంకో ఆధారం కొన్నాళ్లు నిలిచింది. అది గోగునార. గోంగూర జాతి మొక్కలనే నార కోసం ఏపుగా పెంచి, కోసి, కట్టలు కట్టి చెరువు నీటిలో రెండు మూడు వారాలు ఊరవేస్తారు. బెరడు మెత్తబడ్డాక నార వలిచి, ఉతికి, ఆరవేస్తారు. ఈ పని చేసేవారు నడుము లోతు నీటిలో, కుళ్లిన ఆకు వాసనలో గంటల తరబడి నిలబడతారు. జనపనారకు బదులుగా గోనెసంచుల తయారీకి ఈ నార పనికివస్తుంది. విజయనగరం, శ్రీకాకుళం మెట్ట పొలాల్లో ఇది విరివిగా పండింది. భీమిలి రేవు నుంచి ఎగుమతి కావడం వల్ల ప్రపంచ నార వ్యాపారంలో దానికి ‘బిమ్లీ జూట్’ అన్న పేరు నిలిచిపోయింది. ఊరు మరుగున పడ్డాక కూడా వ్యవసాయ శాస్త్ర గ్రంథాల్లో ఆ పేరు అలాగే ఉంది.

భీమిలి పక్కనే, గోస్తనీ ఒడ్డున చిట్టివలసలో జనపనార మిల్లు వెలిసింది. చుట్టుపక్కల ఊళ్లలో తరాల తరబడి వందలాది కుటుంబాలు దాని మీదే బతికాయి. షిఫ్టు వేళలను బట్టి హోటళ్లు తెరిచేవారు, జీతాల రోజును బట్టి సంత కట్టేది. ప్లాస్టిక్ సంచులు వచ్చి గోనెలకు గిరాకీ తగ్గింది. యాజమాన్యానికీ కార్మికులకూ మధ్య తగాదాలు ముదిరాయి. 2009లో మిల్లు మూతపడింది. దానితో భీమిలి ప్రాంతంలో నెలజీతం ఇచ్చే పెద్ద పరిశ్రమ లేకుండాపోయింది. ఉద్యోగం కావాలంటే విశాఖ బస్సు ఎక్కక తప్పని స్థితి అక్కడి నుంచి ఖాయమైంది. భీమిలి పూర్తిగా శివారు అయింది ఈ దశలోనే.

శివారు బతుకులో లాభాలు

పెద్ద నగరంగా పెరిగే అవకాశం తప్పిపోవడం వల్ల భీమిలికి కొన్ని మేళ్లు కూడా జరిగాయి. మొదటిది ఇంటి ఖర్చు. విశాఖలోని ఎంవీపీ కాలనీలో, సీతమ్మధారలో అపార్టుమెంటు అద్దెకు తీసుకునే డబ్బుతో భీమిలిలో వాకిలి, పెరడు ఉన్న ఇల్లు దొరికిన రోజులు చాలా కాలం నడిచాయి. పదవీ విరమణ చేసినవారు, చిన్న జీతగాళ్లు ఇక్కడ స్థిరపడడానికి అదే ప్రధాన కారణం.

రెండోది ఊరి కొలత. బజారు, బడి, గుడి, చర్చి, బస్టాండు, సముద్రం నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంటాయి. తెల్లవారగానే పడవలు ఒడ్డుకు చేరితే, ఇసుక మీదే వేలం జరుగుతుంది. వంజరం, పండుగప్ప, రొయ్యలు గంట తిరక్కుండా వంటింటికి చేరతాయి. విశాఖలో కర్మాగారాల పొగ, రేవు దగ్గర ఎగిరే బొగ్గు ధూళి ఎన్నాళ్లుగానో ఫిర్యాదులకు కారణాలు. భీమిలికి ఆ బెడద రాలేదు.

మూడోది, నగరంలో ఉన్న వసతులు ఎంతోకొంత అందుబాటులో ఉండడం. 900కె బస్సు బీచ్ రోడ్డు మీదుగా నేరుగా విశాఖకు చేరుస్తుంది. రుషికొండ, మధురవాడ వైపు ఐటీ కార్యాలయాలు, కళాశాలలు వచ్చాక విశాఖలోని ఉద్యోగమే భీమిలి వైపు కొంత దూరం నడిచి వచ్చినట్టయింది. సంగివలసలో ఇంజనీరింగ్, వైద్య కళాశాలలు ఏర్పడ్డాయి. ఉపాధ్యాయుల శిక్షణకు భీమిలిలోని డైట్‌కు ఉత్తరాంధ్రలో మంచి పేరుంది.

నాలుగోది పాత కట్టడాలు మిగలడం. విశాఖలో పాత బంగళాలెన్నో కూలి అపార్టుమెంట్లు లేచాయి. భీమిలిలో స్థలానికి అంత గిరాకీ లేనందువల్ల వలందుల సమాధులు, గడియార స్తంభం, చర్చి, పాత ఇళ్లు బతికి బట్టకట్టాయి. ఇవాళ పర్యాటకం పేరుతో ఊరికి వచ్చే ఆదాయానికి ఆనాటి వెనుకబాటే పునాది.

నష్టాలు

నష్టాలలో మొదటిది వైద్యం. ప్రాణం మీదికి వస్తే చేరవలసింది విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రికో, ప్రైవేటు ఆసుపత్రులకో. ఒకవైపు సముద్రం, ఒకవైపు కొండలు ఉన్న ఈ దారిలో సెలవు రోజుల రద్దీ తోడైతే ప్రయాణ సమయం ఎంతని చెప్పలేం. రాత్రి ఆఖరి బస్సు దాటితే సొంత బండి లేనివారికి ఆటోయే దిక్కు. అద్దెలో మిగిలిన డబ్బులో కొంత, రోజులో కొన్ని గంటలు ప్రయాణానికే పోతాయి.

రెండోది నీరు. అనంతగిరి కొండల్లో పుట్టే గోస్తనీ మీద 1960లలో తాటిపూడి జలాశయం కట్టారు. అది పొలాలతో పాటు విశాఖ నగరానికీ తాగునీరు ఇస్తుంది. నది చివర ఉన్న ఊరికి దిగువన మిగిలేది తగ్గింది. మూడోది చెత్త. నగరం చెత్తను తెచ్చి పోసే డంపింగ్ యార్డు భీమిలి మండలంలోని కాపులుప్పాడలో ఉంది. నీరు పైనుంచి నగరానికి వెళ్లడం, చెత్త నగరం నుంచి ఇటు రావడం శివారుకు నగరంతో ఉన్న సంబంధాన్ని ఉన్నదున్నట్టు చూపుతాయి.

నాలుగోది భూమి. ఒకప్పుడు చవగ్గా ఉండడమే లాభమైతే, నగరం దగ్గరపడే కొద్దీ ఆ లాభం తరుగుతూ వచ్చింది. బీచ్ రోడ్డు పొడవునా లేఅవుట్లు, విల్లాలు, రిసార్టులు లేచాయి. పడవలు లాగుకోవడానికి, వలలు ఆరబెట్టడానికి, చేపలు ఎండబెట్టడానికి పల్లెకారులు వాడుకునే ఒడ్డు కుంచించుకుపోయింది. ఊళ్లోనే పుట్టి పెరిగినవారికి ఊళ్లో స్థలం కొనే స్తోమత లేకుండాపోయింది. భీమిలికి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలను భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. వేల ఏళ్లుగా గాలి, నీరు, సముద్రమట్టాల మార్పులు కలిసి పేర్చిన ఇసుక దిబ్బలివి. వాటి పక్కన భూమి చదునుచేసే పనులు పలుమార్లు వివాదమయ్యాయి.

విలీనం

వీటన్నిటికంటే పెద్ద మార్పు పాలనలో వచ్చింది. 1978లో ఏర్పడిన విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ, అంటే వుడా, పరిధిలోకి వచ్చాక ఊరి ప్రణాళిక మీద స్థానిక సంఘానికి పట్టు సడలింది. 2005లో గాజువాకనూ చుట్టుపక్కల గ్రామాలనూ కలుపుకుని విశాఖ కార్పొరేషన్ మహా విశాఖ నగరపాలక సంస్థ అయింది. 2013లో అనకాపల్లినీ భీమిలినీ కూడా అందులో కలిపారు. 1861 నాటి పురపాలక సంఘం చరిత్ర అక్కడితో ముగిసింది.

విలీనాన్ని సమర్థించినవారు చూపిన కారణాలు సబబైనవే. చిన్న పురపాలక సంఘానికి ఆదాయం తక్కువ. పెద్ద నీటి పథకానికీ, భూగర్భ మురుగు వ్యవస్థకూ పెట్టుబడి పెట్టే శక్తి దానికి లేదు. కేంద్ర పథకాల నిధులు పెద్ద నగరాలకే ముందు వస్తాయి. వ్యతిరేకించినవారు పన్నులు పెరుగుతాయనీ, చిన్న పనికీ విశాఖ తిరగాల్సివస్తుందనీ, ఊరి గొంతు వినేవారుండరనీ అన్నారు. మూడో మాట త్వరలోనే నిజమైంది. విలీనం నాటికి మహా విశాఖకు ఎన్నికైన పాలకవర్గం లేదు. 2021 మార్చి దాకా ఎన్నికలు జరగలేదు. అంటే నగరంలో కలిసిన తొలి ఏడున్నరేళ్లు భీమిలి తరఫున మాట్లాడే కార్పొరేటరే లేరు. ఎన్నికలు జరిగాక కూడా మొత్తం 98 వార్డులలో భీమిలికి దక్కినవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని. ఒకప్పుడు సభ మొత్తం భీమిలి గురించే కూర్చునేది, ఇప్పుడు భీమిలి ఆ సభ ఎజెండాలో ఒక అంశం.

అనకాపల్లితో పోలిక

భీమిలితో పాటే విలీనమైన అనకాపల్లి వేరే దారిన నడిచింది. ఆ ఊరు ప్రధాన రైలుమార్గం మీద, జాతీయ రహదారి మీద ఉంది. దాని బెల్లం మార్కెట్ దేశంలోనే పేరున్నది. చుట్టూ చెరకు పండే పల్లెలు ఉండడం వల్ల విశాఖ అవసరం లేకుండానే దాని వ్యాపారం సాగింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు అనకాపల్లి జిల్లా కేంద్రమైంది. భీమిలికి విశాఖపట్నం జిల్లాలో రెవెన్యూ డివిజన్ హోదా దక్కింది. రెండూ విశాఖ శివార్లే. సొంత మార్కెట్ ఉన్న ఊరికి బేరమాడే బలం మిగిలింది. రేవూ, మిల్లూ పోగొట్టుకున్న ఊరికి సముద్రం, స్థలం మాత్రమే అమ్మకానికి మిగిలాయి.

ఇకముందు

భీమిలికి ఉత్తరాన భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట తలపెట్టిన అంతర్జాతీయ విమానాశ్రయం వల్ల ఈ తీరం మళ్లీ మలుపు తిరుగుతోంది. విశాఖకూ విమానాశ్రయానికీ నడుమ పడిన భీమిలి ఇకపై నగరం చివర కాక, నగర విస్తరణ దారి మధ్యలో ఉంటుంది. రవాణా మెరుగవుతుంది, ఉద్యోగాలు దగ్గరవుతాయి. అదే సమయంలో భూమి ధరలూ, రద్దీ, తీరం మీద ఒత్తిడీ పెరుగుతాయి. రైలు తప్పిపోయిన 1890లలో కోల్పోయినది ఇప్పుడు దక్కవచ్చు. దానివల్లే ఇన్నాళ్లూ మిగిలిన తీరిక, చవక, ఖాళీ ఒడ్డు చేజారవచ్చు.

చిన్న శివారు పట్టణంలో బతకడం లాభమా నష్టమా అన్నది రెండు విషయాలను బట్టి తేలుతుందని భీమిలి చరిత్ర చెబుతుంది. ఊళ్లో సొంత జీవనాధారం ఉండాలి, ఊరి సంగతులు తేల్చే అధికారం కొంతైనా ఊళ్లో ఉండాలి. రేవు ఉన్నన్నాళ్లూ, మిల్లు నడిచినన్నాళ్లూ, పురపాలక సంఘం కూర్చున్నన్నాళ్లూ విశాఖ పక్కన ఉండడం భీమిలికి భారం కాలేదు. మూడూ పోయాక చవక ఇల్లు, మంచి గాలి మిగిలాయి, నిర్ణయాలు నగరానికి వెళ్లాయి. నగరంలో కలిసిన పాత పట్టణాలకు వార్డు స్థాయిలో నిధులూ, ప్రణాళికలో మాటా, తీరం మీద హక్కూ చట్టప్రకారం దక్కకపోతే, శివారు బతుకులోని లాభాలు కొత్తగా వచ్చి కొనుక్కునేవారివి, నష్టాలు ముందునుంచీ ఉన్నవారివి అవుతాయి.